వరిగడ్డిలో దాచిన విల్లు

నిన్న మా అపార్ట్‌మెంటులో ఎవరో రెడ్డిగూడెం నుంచి చిన్నరసాలు తెప్పించుకున్నారు. లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే వరిగడ్డిలో మాగిన పండు వాసన గుప్పుమంది. అందరూ ఆహా అన్నారు, నేను మాత్రం ముక్కు మూసుకుని మెట్ల దారి పట్టాను. ఆ వాసన నాకు ఇరవై ఏళ్లుగా పడదు. ఎందుకో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఆగిరిపల్లి దగ్గర ఒక మామిడితోటకి నాన్న కాపలా. తోట మధ్యలో రెండు గదుల ఇల్లు, ఒకటి మాకు, ఒకటి కాయలు మాగెయ్యడానికి. వేసవి వచ్చిందంటే పొద్దున్నే చిక్కాలతో కాయ కోసేవాళ్ల కేకలు, చేతుల మీద సొన కాల్చిన మచ్చలు, మధ్యాహ్నం అమ్మ కలిపిపెట్టే కొత్తావకాయ ముద్దలు, సాయంత్రం కొమ్మల మీద కోతికొమ్మచ్చి. ఇవన్నీ నాకు. మా ఝాన్సీ అక్కకి మాత్రం వేసవంటే విల్లే.

వేట కోసం, యుద్ధాల కోసం పుట్టిన విద్య ఇప్పుడు గీత మీద నిలబడి మార్కుల కోసం ఆడే ఆటయిందని స్కూల్లో డ్రిల్ మాస్టారు చెప్పేవారు. చక్రాల ఫారిన్ విల్లులు మనకెక్కడివి, మన వెదురు విల్లుకీ పోటీల్లో వేరే విభాగం ఉందని అక్కకి ఒకటి ఇచ్చారు. అక్క గోనెసంచిలో గడ్డి కూరి కలెక్టరు మామిడి చెట్టుకి కట్టి, ముప్పై మీటర్లు అడుగులతో కొలుచుకుని, నారి గడ్డానికి ఆనించి ఊపిరి బిగబట్టేది. దారిన పోయేవాళ్లని నాన్న పిలిచి మరీ చూపించేవాడు. ఆ ఏడాది అక్కకి పదో తరగతి అయిపోయింది. విజయవాడ సెలక్షన్లలో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువు. లేదంటే మామిడికాయల షెడ్డులో పని.

పోటీకి మూడు రోజులుందనగా గాలివాన. మా గది రేకులు కారిపోయాయి. అందరూ రాలిన కాయలు ఏరడానికి పరిగెత్తారు. విల్లు తడిసిపోతుందని నా ప్రాణం కొట్టుకుంది. కారని గది మాగేసినదొక్కటే. గాలి తగిలితే పండు చెడుతుందని అందులోకి పోతే నాన్న తంతాడు. అయినా దొంగతనంగా దూరి, విల్లుని నారి విప్పకుండానే పళ్ల మధ్య గడ్డిలో వెచ్చగా కప్పేశాను.

"విల్లేదే చిట్టీ?" అంది అక్క.

"భద్రంగా దాచాన్లే!"

నా మాట నమ్మి మళ్లీ అడగలేదు. వాన తెరిపివ్వలేదు, సాధనా లేదు. పోటీ రోజు తెల్లారుజామునే తీసి, తుడిచి, మేకుకి తగిలించాను. అక్క మెచ్చుకుంటుందనుకున్నాను, పిచ్చిదాన్ని!

మైదానంలో మొదటి బాణం గురిబల్ల కాళ్ల దగ్గర పడింది. రెండోదీ అంతే.

"ఏంటో సార్, నారి లాగితే తేలిగ్గా వచ్చేస్తోంది."

మాస్టారు విల్లు తిప్పి చూశారు. "దీనికేం? పగుల్లేదే. నీ చెయ్యే దిగిపోతోందమ్మా, భయపడుతున్నావ్."

అక్క తలూపింది. ఆ మాట అక్షరాలా నమ్మేసింది. ఆ సాయంత్రం ఇంట్లో నేను నారి విప్పితే, తిన్నగా లేవాల్సిన వెదురు వంగినది వంగినట్టే ఉండిపోయింది. మాగే పళ్ల వేడీ చెమ్మా దాని బలం పీల్చేశాయని నాకప్పుడు తెలిసింది. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. నాన్న "పోన్లే అమ్మా" అన్నాడు. నోరు తెరిస్తే ఇద్దరూ నన్ను అసహ్యించుకుంటారని విల్లుని అటక మీదకి తోసేశాను. వారం తిరక్కుండా అక్క షెడ్డులో పనికి చేరింది. మళ్లీ విల్లు ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆ తోట లేదు, ప్లాట్ల రాళ్లు పాతారు. నాన్నా లేడు. పోయిన నెల నూజివీడులో అక్కింటికి వెళ్తే, దాని కూతురు హారిక ఆర్చరీలో చేరతానని స్కూలు నుంచి ఫారం తెచ్చింది. సంతకం పెట్టమని తల్లి చుట్టూ తిరుగుతోంది. అక్క కూర తరుగుతూ తలెత్తలేదు.

"వద్దు నాన్నా. మన చేతులు నిలవవే. అంతమందిలో తలొంచుకోవడం నేను పడ్డాను చాలు. చెప్పవే చిట్టీ, ఆ రోజు నువ్వూ ఉన్నావుగా!"

పిల్ల ఫారం పట్టుకుని నా మొహంలోకి చూసింది. ఇంతకన్నా మంచి సమయం మళ్లీ రాదని నాకు తెలుసు.

"అవునమ్మా, అమ్మ చెప్పిందే నిజం" అన్నాను.