పార్కుకి పిలిచిన ఆదివారం

"ఆదివారం ఏ పనీ పెట్టుకోకు. మనిద్దరం పార్కుకెళ్దాం" అంది నా స్నేహితురాలు ఫోన్లో. గుంటూరు రోడ్డులో రైడ్లు, నీళ్ళాటలు ఉండే పెద్ద పార్కు గురించి చెబుతోంది. నాకు నలభై నాలుగేళ్ళు. తనకి నాకంటే మూడు నెలలెక్కువ. ఈ వయసులో జారుడుబండలేంటే అన్నాను. "నోర్మూసుకుని రా" అని పెట్టేసింది. నేను ఫోన్ చేత్తో పట్టుకుని చాలాసేపు నవ్వుకున్నాను. ఎందుకు పిలుస్తోందో నాకు తెలిసిపోయిందనుకున్నాను మరి.

తన కూతురికి పెళ్ళి కుదిరింది. వైశాఖంలో ముహూర్తం. కార్డులు అచ్చయ్యాయని, పంచడం కూడా మొదలుపెట్టారని పెడన నుంచి మా అక్క చెప్పింది. నేనూ తనూ పెడనలో ఒకే వీధిలో పుట్టాం. ఇద్దరి నాన్నలూ మగ్గం నేసేవాళ్ళే. తను పెళ్ళయి ఉయ్యూరు వెళ్ళింది, అక్కడ వాళ్ళాయనకి బట్టల కొట్టుంది. నేను బెజవాడ వచ్చాను. గుణదలలో అద్దెకుంటూ, వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ చీరల షాపులో పనిచేస్తున్నాను. ఆ పిల్ల ఇంటర్ రెండేళ్ళూ మా ఇంట్లో ఉండే చదువుకుంది. తెల్లారి ఐదింటికి లేచి క్యారేజీ కట్టేదాన్ని, అది పుస్తకం చదువుకుంటుంటే వెనక కూర్చుని జడ వేసేదాన్ని. నన్ను పిన్నీ అంటుంది. నాకు పిల్లల్లేరు. అది చాలనుకున్నాను.

మూడేళ్ళ క్రితం నాకు విడాకులయ్యాయి. ఎందుకయ్యాయో ఇక్కడ అనవసరం. మా వైపు పెళ్ళికి పిలవడమంటే కార్డు చేతిలో పెట్టడం కాదు. ఆడమనిషికి నుదుట బొట్టు పెట్టి, "తప్పకుండా రావాలి" అనాలి. అప్పుడే పిలిచినట్టు. నాకు ఆ బొట్టు దగ్గరే చిక్కొచ్చింది. మొగుడు పోయినవాళ్ళ విషయంలో జనం ఏదో ఒక పద్ధతి పెట్టుకున్నారు, మంచో చెడో. మొగుడు ఎక్కడో నిక్షేపంగా బతికుండి, పక్కన లేని ఆడదానికి బొట్టు పెట్టాలా వద్దా అన్నది ఎవరూ తేల్చుకోలేదు. తేల్చుకోలేక పిలవడమే మానేశారు. మరీ దగ్గరివాళ్ళయితే కార్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. కానీ ఎవరితో పోట్లాడను? రావద్దని ఎవరూ అనలేదు కదా.

తను మాత్రం అలాంటిది కాదు. ఆ నమ్మకంతోనే పెళ్ళికి మూడు రోజులు సెలవు ముందే అడిగి పెట్టుకున్నాను. పట్టుచీరకి ఫాల్ కుట్టించాను. ఇప్పుడు పార్కుకి రమ్మంటోందంటే, వాళ్ళ ఇంటి హడావిడిలో కాకుండా మేమిద్దరమే ఉన్నచోట తీరిగ్గా పిలవాలనుకుంటోందని అర్థం చేసుకున్నాను. ఆదివారం పొద్దున అద్దం ముందు నిలబడి, రోజూ పెట్టుకునే స్టిక్కరు కాకుండా ఆవగింజంత చిన్నది వెతికి, కొంచెం కిందకి పెట్టుకున్నాను. పైన చోటుండాలని. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ చేసిన పని చేశాను.

బస్టాండులో కలుసుకుని, అక్కణ్ణించి బస్సులో వెళ్ళాం. తన భుజానికి ఒక పెద్ద హ్యాండ్‌బ్యాగు, చేతిలో ఒక సంచి. సంచిలో పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, జంతికలు. పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ ఆవిడ డబ్బాలు చూసి తల అడ్డంగా ఊపింది.

"బయటి ఫుడ్డు లోపలికి నాట్ ఎలౌడ్ అండీ."

"పులిహోర ఫుడ్డేంటండీ, ప్రసాదం" అంది నా స్నేహితురాలు. ఆవిడ నవ్వింది కానీ వదల్లేదు. పారేయడానికి మనసొప్పక, పొద్దున పదింటికే ఆ ఎండలో, పార్కింగు పక్కన గోడ నీడలో చతికిలబడి డబ్బాలు ఖాళీ చేశాం. నేను చాలన్న కొద్దీ తను వడ్డించింది. కార్లలోంచి దిగుతున్నవాళ్ళంతా మమ్మల్ని చూసుకుంటూ వెళ్ళారు. "చూడనీవే, కడుపు మనది" అంది. ఎన్నాళ్ళకో నాకు కడుపారా నవ్వొచ్చింది. మూడేళ్ళుగా నేను ఒక్కదాన్నే తింటున్నాను.

లోపలికి వెళ్ళగానే కొలంబస్ ఎక్కించింది, అదే, ఊగే పెద్ద పడవ. చివరి వరసలోనే కూర్చోవాలంది. అది పైకి లేచినప్పుడు నా ప్రాణం గొంతులోకొచ్చింది. తను నా చెయ్యి పట్టుకుని, "అమ్మో, చచ్చానే, దింపమని చెప్పవే" అని ఒకటే గోల. ఎక్కించింది తనే. దిగాక చూసుకుంటే తన గాజుల అచ్చులు నా మణికట్టు మీద ఎర్రగా పడ్డాయి. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నడిచాం. ఇప్పుడు చెబుతుందనుకున్నాను. ఫోన్ మోగింది. పూల మండపం వాడు. పావుగంట మాట్లాడింది. డాషింగ్ కార్ల దగ్గర వంటవాళ్ళు ఫోన్ చేశారు. ఎన్ని రకాల స్వీట్లో, టిఫిన్లోకి ఏముండాలో అన్నీ నా ముందే మాట్లాడింది. పెట్టేశాక మాత్రం పెళ్ళి మాటెత్తలేదు. "పద పద, ఆ క్యూ తక్కువుంది" అనేది.

నీళ్ళలోకి దిగాలంటే నైలాన్ బట్టలే వేసుకోవాలట, కాటన్ పనికిరాదట. అద్దెకిస్తారు. కాటన్ నేసి మమ్మల్ని పెంచినవాళ్ళ కూతుళ్ళం, బంకలా ఒంటికంటుకునే నీలం రంగు నైలాన్ చొక్కాలు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాం. "మా నాన్న గనక చూస్తే మగ్గం గుంటలో దూకేవాడే" అంది. జారుడుబండ మీంచి వరసగా నాలుగుసార్లు జారాం. చివరిసారి నీళ్ళలో మునిగి లేచేసరికి నా స్టిక్కరు కొట్టుకుపోయింది. బట్టలు మార్చుకునే గదిలో తను నా నుదురు చూసింది. చూసి, చూపు తిప్పుకుంది. తరువాత పర్సులోంచి తన స్టిక్కర్ల అట్ట తీసి నా చేతికిచ్చింది. "పెట్టుకో" అంది. చిన్నప్పుడు తిరణాలకి వెళ్ళేముందు ఒకరికొకరం మేమే పెట్టుకునేవాళ్ళం. అట్ట తీసుకుని నేనే పెట్టుకున్నాను.

అప్పటికే నాకు అనుమానం మొదలైంది. అంతకుముందు సెల్ఫీ తీసుకున్నప్పుడు "స్టేటస్‌లో పెట్టకే, మా అత్తగారు చూస్తుంది" అంది. పనులు వదిలేసి వచ్చిందని తిడుతుందేమోలే అనుకున్నాను. మనిషి తనకి కావలసినట్టు అర్థం చేసుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

మూడింటికి తిండి స్టాళ్ళ దగ్గరికి వెళ్ళాం. నేను వద్దంటే వద్దన్నాను. తను రెండు ప్లేట్లు మిరపకాయ బజ్జీలు తెచ్చింది. బజ్జీలు తింటూ నీడ కోసం వెతుకుతుంటే ఎవరో తనని పిలిచారు. పామర్రు నుంచి మనవల్ని తీసుకుని వచ్చిన పెద్దావిడ. ఉయ్యూరులో వీళ్ళ కొట్లోనే బట్టలు కొంటుందట.

"అమ్మాయి పెళ్ళటగా, విన్నానండీ."

"అయ్యో, మీ ఇంటికే రావాలనుకుంటున్నామండీ. దేవుడే ఎదురు పంపించాడు" అంటూ తను ప్లేటు నా చేతిలో పెట్టి హ్యాండ్‌బ్యాగు తెరిచింది. అందులోంచి కార్డుల కట్ట తీసింది. చిన్న వెండి కుంకుమభరిణె తీసింది. పొద్దుటినుంచీ ఆ బ్యాగు మా ఇద్దరి మధ్యే ఉంది. కొలంబస్ మీద నా ఒళ్ళోనే ఉంది. ఆవిడ నుదుట బొట్టు పెట్టి, "ఇంటిల్లిపాదీ రావాలండీ, ముహూర్తానికే వచ్చేయాలి" అంది. ఆవిడ కార్డు కళ్ళకద్దుకుంది.

నలుగురు ఆడవాళ్ళున్నచోట ఒకరికి బొట్టు పెట్టిన చెయ్యి, వరసలో పక్కవాళ్ళ వైపు దానంతటదే తిరుగుతుంది. ఆలోచించి చేసే పని కాదది. తన చెయ్యి కూడా అలాగే నా వైపు తిరిగింది. వేలికి కుంకుమ ఉంది. నేను రెండు చేతుల్లో రెండు ప్లేట్లు పట్టుకుని, తల కాస్త ముందుకు వంచాను. చెయ్యి మధ్యలో ఆగింది. తను ఒకసారి పామర్రు ఆవిడ వైపు చూసింది. తరువాత ఆ వేలిని, బజ్జీలతో ఇచ్చిన కాగితానికి తుడుచుకుంది.

తను పెట్టకపోవడం కంటే నేను తల వంచడమే నన్ను ఇప్పటికీ తినేస్తుంది. ఎవరడిగారు నన్ను వంచమని? ఆవిడ నా వైపు తిరిగి "ఈవిడ ఎవరండీ?" అంటే, "నా ఫ్రెండండీ, బెజవాడలో ఉంటుంది" అంది తను. పిల్లకి పిన్ని అని చెప్పలేదు. ఆవిడ వెళ్ళిపోయాక ఇద్దరం బజ్జీలు తిన్నాం. చల్లారిపోయాయి. ఏదో ఒకటి మాట్లాడాలని, శనగపిండి బాగోలేదన్నాను. అవునంది.

సాయంత్రం ఐదు దాటాక జెయింట్ వీల్ ఎక్కుదామంది. నాకు వెళ్ళిపోవాలని ఉంది, అయినా ఎక్కాను. అది ఒక్కో పెట్టెలో జనాన్ని ఎక్కించుకుంటూ ఆగి ఆగి తిరుగుతుంది. మా పెట్టె బాగా పైకి వెళ్ళాక ఆగింది. దూరంగా కృష్ణ, అవతలి ఒడ్డున ఊరు కనిపిస్తున్నాయి. తను కిందకి చూడకుండా నా మోకాళ్ళ వైపు చూస్తోంది.

"నీకో మాట చెప్పాలే" అంది.

"చెప్పు."

చెప్పలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగుతోంది, వేస్తోంది. "మా అత్తగారు... మగపెళ్ళివాళ్ళు కూడా కొంచెం..." అని ఆపేసింది. పొద్దుటినుంచీ ఆ మాట చెప్పడానికే నన్ను ఇన్ని ఎక్కించిందని, ఇంత తినిపించిందని అప్పుడు తెలిసింది. అక్కడికి పిలవలేక ఇక్కడికి పిలిచింది. నాకు కోపం తన్నుకొచ్చింది. నువ్వెవరివే నన్ను పార్కులో మేపి పంపించడానికి అని అడగాలనిపించింది. కానీ ఆ మొహం చూస్తే, ఊహ తెలిసినప్పటినుంచీ నాకు తెలిసిన మొహం, నోరు రాలేదు.

"అసలు నేనే చెబుదామనుకుంటున్నానే" అన్నాను. "పెళ్ళిళ్ళ సీజను కదా. షాపులో ఆ రోజుకి సెలవు దొరికేట్టు లేదు."

అబద్ధమాడింది జాలితోనే, కాదనను. కానీ దాని వెనక ఆశ కూడా ఉంది. మనలో ఎవరైనా రాలేనంటే "అదేం కుదరదు, రావాల్సిందే" అంటాం కదా. ఉత్తినే అయినా అంటాం. తను ఒక్కసారి అంటుందని చూశాను. అంటే చాలు, నిజంగా వెళ్ళకపోయినా చాలు. పెట్టె కదిలింది. తను పెద్ద ఊపిరి వదిలింది. ఆ మొహంలో మొట్టమొదట కనపడింది బాధ కాదు.

"అవునులేవే, సీజను కదా" అంది. "పోన్లే. పెళ్ళయ్యాక పిల్లనీ అల్లుణ్ణీ తీసుకుని నేనే మీ ఇంటికొస్తాలే."

అలాగే అన్నాను. వీల్ ఆపకుండా ఇంకో ఆరుసార్లు తిరిగింది. ఈసారి తను అరవలేదు, నా చెయ్యి పట్టుకోలేదు. బస్టాండులో బస్సెక్కేముందు ఐస్‌క్రీం కొనిపెట్టింది. వద్దనలేదు, తిన్నాను.

సెలవు వెనక్కిచ్చేద్దామనుకున్నాను. కానీ ఓనరుకి ఏం చెప్పాలో తెలియలేదు. పెళ్ళిరోజు ఇంట్లోనే ఉన్నాను. తలుపు వేసుకుని మంచం మీద కూర్చున్నాను. పొద్దున తొమ్మిదింటికి ఫోన్ మోగింది. పెళ్ళికూతురు. వెనక సన్నాయి, జనం, ఎవరో దాన్ని త్వరగా రమ్మని పిలవడం వినిపిస్తున్నాయి.

"పిన్నీ, సెలవివ్వలేదటగా. అమ్మ చెప్పింది. మీ ఓనరుతో నేను మాట్లాడనా?"

"వద్దమ్మా. బాగోదు."

"అదేం కుదరదు. ఒక్క గంట వచ్చి వెళ్ళు. ఉయ్యూరెంత దూరం చెప్పు. ఇప్పుడు బయల్దేరితే ముహూర్తానికి వచ్చేస్తావు. నువ్వు రావాల్సిందే."

చీర బీరువాలో ఇస్త్రీ చేసి ఉంది. కట్టుకుని బస్సెక్కితే గంటన్నర. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి కావలించుకుంటుంది, అదీ తెలుసు. ఆ వెనక నిలబడి వాళ్ళమ్మ మొహం ఎలా పెడుతుందో కూడా తెలుసు.

"రాలేనమ్మా. ఇక్కడ ఒకటే జనం, ఊపిరాడట్లేదు" అన్నాను.

"జనమా? చప్పుడే లేదు పిన్నీ. నిజంగా షాపులోనే ఉన్నావా?"

"గోడౌన్‌లోకి వచ్చానమ్మా" అన్నాను. "ఇక్కడ ఎవరూ ఉండరు."