అంకెలన్నీ నోటికొచ్చిన మనిషి

తినుబండారాల పొట్లాల మీద లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సులో ఆయన ప్రూఫులు దిద్దేవాడు. ఎక్కడ దశాంశ బిందువు జారిపోయినా ఇట్టే పట్టేస్తాడని అందరూ చుక్కల మాస్టారు అనేవారు. ఇరవై రెండేళ్లుగా లోకంలోని పంచదార, ఉప్పు, కొవ్వు ఆయన చేతి మీదుగానే బజారుకు వెళ్లాయి. ఒక్క అంకె తప్పు పోలేదు.

యాభై ఒకటో ఏట ఆయన రక్తంలో చక్కెర ఎక్కువుందని తేలింది. డాక్టరు ఆహార నిపుణురాలి దగ్గరికి పంపాడు. ఆమెది ఆయన కూతురి వయసు.

"సాయంత్రం టీతో ఏం తింటారండీ?"

"ఒక బిస్కెట్ పొట్లం. నూట ఇరవై గ్రాములది. వంద గ్రాములకి పంచదార ముప్పై, కొవ్వు ఇరవై రెండు, పీచు ఒకటి పాయింట్ రెండు," అని ఒప్పజెప్పాడు.

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఇంత తెలిసీ తింటున్నారా?"

"తెలియడమేంటమ్మా, అది నేను దిద్దిందే."

"నాలుగు గ్రాములు ఒక చెంచా అనుకోండి. ఎన్ని చెంచాలయిందో చూడండి."

మాస్టారు వేళ్ల మీద లెక్కేశాడు. అలవాటుకొద్దీ రెండోసారీ వేశాడు. తొమ్మిదే వచ్చింది.

ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. ఆవిడ బట్టలు కుడుతూ తలెత్తలేదు.

"ఇన్నేళ్లూ అదేగా చదువుతున్నారు?"

"తప్పులున్నాయేమోనని చదివాను. ఏముందోనని చదవలేదు."

ఆ నెలంతా జనం ఆయన్ని చూసి తప్పుకు తిరిగారు. ప్రెస్సులో ఎవరు తిండి డబ్బా మూత తీసినా అందులో ఉప్పెంతో చెప్పేవాడు. మిషన్ నడిపే అతను కాగితాల గదిలోకెళ్లి తినడం మొదలుపెట్టాడు. చివరికి మాస్టారు భార్య పళ్లెంలోకీ తొంగిచూశాడు. ఆవిడ కూరగాయల బుట్ట, కత్తి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"చెప్పింది చాలు. వీటి మీద లేబుళ్లుండవు. కూర్చుని తరగండి."

తరిగాడు. మొదటివారం వేలు కూడా తరిగాడు. పని చేతికొచ్చాక, కొన్న ఆకుకూరలో సగం కుళ్లి చెత్తబుట్టలోకే పోతోందని గమనించాడు. అప్పటినుంచి వారానికి సరిపడా రాసుకుని అంతే తెచ్చాడు. ముల్లంగి ఆకులు పారేయకుండా వండాడు. భార్య చేదుగా ఉందంది, మళ్లీ వడ్డించుకుంది. రోజూ నిండే చెత్తబుట్ట మూడు రోజులకోసారి నిండింది.

ఎనిమిది నెలలకి చక్కెర దిగింది.

"ఏమేం మానేశారండీ?" అంది నిపుణురాలు.

"బిస్కెట్లు పూర్తిగా మానలేదమ్మా. ఆదివారం రెండు. అందరికీ చెప్పడం మాత్రం మానేశాను. అప్పటినుంచి ముగ్గురు వాళ్లంతట వాళ్లే వచ్చి, ఏం తినాలో అడిగారు."