జలాల్ చాచా, జనాల మోచేతులు

మనిషి ఎదురైతే అందరం ముఖం చూస్తాం. జలాలుద్దీన్ మోచెయ్యి చూస్తాడు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా అన్ని విషయాల్లో మా బొగ్గుగనుల సెంటినరీ కాలనీలో ఎవరికీ తీసిపోని బుద్ధిమంతుడు. వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, కాలనీ గేటు దాటగానే చిన్న ఇల్లు కట్టుకున్నాడు, వేళకు నమాజు, వేళకు చాయ్. కానీ ఎవరి చెయ్యి పైకి లేచినా, అది జెండా ఎగరేయడానికైనా, వీపు గోక్కోవడానికైనా, ఆయన కళ్ళు అక్కడే ఆగిపోతాయి.

"మోచెయ్యి ఏడున్నది?" అని అడుగుతాడు.

అడిగించుకున్నవాడు కొత్తవాడైతే తన మోచెయ్యి ఎక్కడికైనా పోయిందేమోనని కంగారుగా వెతుక్కుంటాడు.

ఈ జబ్బు ఆయనకు గోల్ఫ్ వల్ల అంటుకుంది. గనుల దగ్గర గోల్ఫ్ ఏమిటని మీకు అనుమానం రావచ్చు. మాకూ వచ్చింది. బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి మా వైపు కొండల్లా పేరుకుని ఉంటుంది. అలాంటి ఒక పాత మట్టికుప్పను చదును చేసి చెట్లు పెట్టారు. చెట్లు పెట్టగా మిగిలిన జాగాలో గోల్ఫ్ మోజున్న ఒక పెద్ద ఆఫీసరు కొన్ని గుంతలు తీయించుకున్నాడు. గడ్డి బతకలేదు కాబట్టి గుంతల చుట్టూ ఇసుకలో పాత ఇంజన్ ఆయిల్ కలిపి పరిపించాడు. ఆయనకు తోడు ఆడేవాళ్ళు దొరక్క చాచాను లాక్కెళ్ళేవాడు. బదిలీ మీద వెళ్తూ తన పాత గోల్ఫ్ కట్టెల సంచిని చాచా చేతిలో పెట్టి, "అంతా చేతుల్లోనే ఉంది జలాల్" అన్నాడట. మామూలు మనిషైతే దాన్ని మర్యాదకు అన్న మాటగా తీసుకునేవాడు. చాచా డ్యూటీ ఆర్డరుగా తీసుకున్నాడు.

నా పేరు వేణుమాధవ్. అదే వర్క్‌షాపు స్టోర్‌లో పనిచేస్తాను. పొట్ట తగ్గాలంటే ఏదో ఒక ఆట ఆడమని డాక్టరు చెప్పిన పాపానికి చాచాకు దొరికిపోయాను. గోల్ఫ్‌లో బంతిని కొట్టేముందు కట్టెను వెనక్కి ఎత్తాలి. దాన్ని బ్యాక్‌స్వింగ్ అంటారు. చాచా దృష్టిలో గోల్ఫ్ అంటే అదే. తర్వాత బంతిని కొట్టడం ఏదో ఆనవాయితీ కోసం చేసే పని.

"ఎడమ చెయ్యి సాపుగుండాలె, కని గుంజలెక్క బిగవట్టొద్దు" అనేవాడు. "కుడి మోచెయ్యి చంక కింద పక్కబొక్కల దగ్గర్నే ఉండి భూమిని సూడాలె. రెండు చేతులు రొమ్ము ముంగటనే ఉండాలె. కట్టెను ఎత్తేది చేతులు కాదు వేణూ. నడుము, రొమ్ము, పెయ్యంత తిరగాలె, పెయ్యి ఎంబడి చేతులు పోవాలె. నీ చేతులు పెయ్యిని ఇడిసిపెట్టి ఎనకకు ఉరుకుతున్నయ్."

నా కుడి మోచేతికి క్రమశిక్షణ నేర్పడానికి చంకలో తువ్వాల పెట్టించాడు. కట్టె ఎత్తినప్పుడు తువ్వాల జారిపడితే మోచెయ్యి దూరం పోయినట్టు లెక్క. అలవాటు కావాలని స్టోర్‌లో కూడా పెట్టుకోమన్నాడు. పెట్టుకున్నాను. స్పేర్ పార్టుల కోసం వచ్చిన జైపాల్ నన్ను కిటికీలోంచి కాసేపు చూసి, "జరమొచ్చిందా అన్నా? గంత పెద్ద థర్మామీటర్ పెట్టుకున్నవ్" అన్నాడు.

ఇంత శాస్త్రం తెలిసిన చాచా బంతి మాత్రం ఏనాడూ గుంత వైపు పోలేదు. తుమ్మపొదల్లోకి పోయేది, వాననీటి కాలవలోకి పోయేది, ఒకసారి మేకల మందలోకి పోయింది. నేను దాని వెంట పరుగెత్తబోతే ఆయన మాత్రం కట్టె ఎత్తిన భంగిమలోనే నిలబడి, "బంతి సంగతి ఇడిసిపెట్టు. చెయ్యి సూసినవా?" అనేవాడు.

ఆట అక్కడితో ఆగితే బాగుండేది. మట్టికుప్ప దిగాక కూడా ఆగలేదు. గేటు దగ్గర సదయ్య హోటల్‌లో చాయ్ తాగుతున్నాం. సదయ్య ఒక గ్లాసు ఎత్తి పట్టి రెండో గ్లాసులోకి చాయ్ వంచుతుంటే చాచా చూడలేకపోయాడు.

"సదయ్యా, మోచెయ్యి ఎనకకు పోతున్నది."

"పెండ్లి గాకముందు సంది గిట్లనే పోస్తున్న చాచా."

"పెండ్లి గాకముందు సంది తప్పు పోస్తున్నవ్. జర పక్కబొక్కలకు దగ్గర తీస్కో."

పెద్దాయన మాట కాదనలేక సదయ్య దగ్గరకు తీసుకున్నాడు. చాయ్ మొత్తం పక్కన నిలబడ్డ జైపాల్ కాలి మీద పడింది.

"చాయ్ సంగతి ఇడిసిపెట్టు" అన్నాడు చాచా. "చెయ్యి ఎంత సక్కగున్నదో సూడు."

"నా కాలు ఎట్లున్నదో గూడ ఎవ్వలన్న సూడున్రి" అన్నాడు జైపాల్.

యూనియన్ నాయకుడు రఘుపతి గేట్ మీటింగులో పిడికిలెత్తి నినాదం ఇస్తుంటే ముందు వరసలోంచి చాచా గొంతు వినిపించింది. "రఘుపతన్నా, మోచెయ్యి చెవ్వు ఎనకకు పోతున్నది. జర ముంగటికి తెచ్చుకో." జనం నవ్వారు. రఘుపతికి కోపం వచ్చింది. కానీ అనుమానం కోపం కన్నా మొండిది. ఆ రోజు నుంచి నినాదం ఇచ్చే ముందు ఆయన ఒకసారి తన మోచెయ్యి చూసుకుంటాడు. ఈలోగా జనం జై కొట్టడం మరచిపోయి వాళ్ళ మోచేతులు చూసుకుంటారు.

ఇంట్లో చాచా భార్య సుగ్రా బీ పరిస్థితి ఇంకా ఘోరం. ఒకరోజు నన్ను నిలబెట్టి మొర పెట్టుకుంది. "పెండ్లయిన కొత్తల మొకం సూస్తుండె. ఇప్పుడు రొట్టె జేస్తుంటె మోచేతులు సూస్తుండు. రొట్టె మంచిగ పొంగింది గదా అంటె, పొంగింది కని కుడి మోచెయ్యి లేసింది అంటడు. నువ్వన్న జెప్పు బేటా." నేను చెప్పాను. చాచా శ్రద్ధగా విని, నేను చేతులు కట్టుకున్న పద్ధతి సరిగా లేదన్నాడు.

ఇక రాజకుమారి సంగతి చెప్పాలి. రాజకుమారి నా భార్య. గని ఆఫీసులో క్లర్కు. కిందటేడు ఆమెకు ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది, తర్వాతి వైద్యమూ అయింది. గండం గడిచిందని డాక్టర్లు చెప్పారు. గండం గడిచింది గానీ ఎడమ చెయ్యి లేవడం మానేసింది. గోడ మీద వేళ్ళు పాకిస్తూ రోజూ కొంచెం కొంచెం చెయ్యి పైకి తీసుకెళ్ళమన్నారు. కొన్నాళ్ళు చేసింది. నొప్పి పుట్టింది, మానేసింది. దండెం మీద బట్ట ఆరవేయాలన్నా, పై అరలో పప్పు డబ్బా తీయాలన్నా నన్ను పిలవాల్సి వచ్చేది. పిలవడం ఇష్టం లేక అసలు ఆ పనులే వదిలేసింది. ఎక్సర్‌సైజు సంగతి గుర్తుచేస్తే, "నా చెయ్యి సంగతి నాకెరికే" అని లోపలికి వెళ్ళిపోయేది. చూడటానికి వచ్చినవాళ్ళు ముందు ఆమె ముఖం, తర్వాత పైట చూసి నిట్టూర్చేవారు. దాంతో తలుపు తీయడమే మానుకుంది. సెలవు పొడిగించింది.

ఒక ఆదివారం పొద్దున చాచా భుజాన కట్టె పెట్టుకుని మా ఇంటి ముందుకొచ్చాడు. నన్ను పిలుస్తాడనుకుంటే ఆమెను పిలిచాడు.

"బేటీ, నీ మొగనితోని నాకు గోసైతున్నది."

రాజకుమారి తలుపు సందులోంచి చూసింది. "ఏం జేసిండు చాచా?"

"మోచెయ్యి. నేను ముంగట నిలవడితె ఎనక ఏమైతుందో కనవడది. ఎనక నిలవడితె ముంగట కనవడది. నువ్వొచ్చి ఎనక కుర్చేసుకోని కూసో. అది పారిపోంగనే నాకు జెప్పు. ఒక్కనితోని అయితలేదు."

ఆయన ఆమె ముఖం చూడలేదు, పైట చూడలేదు. నా మోచేతినే వేలెత్తి చూపిస్తూ నిలబడ్డాడు. ఆమె తలుపు పూర్తిగా తీసి చెప్పులు వేసుకుంది.

మొదట్లో మట్టికుప్ప మీద కుర్చీలోంచి మెల్లగా, "పోయింది" అనేది. తర్వాత, "మల్ల పోయింది" అని గట్టిగా అనేది. కొన్నాళ్ళకు, "గట్ల కాదు, నిన్న చాచా ఏం జెప్పిండు? యాదికి లేదా?" అని అరవసాగింది. నాకు ఇద్దరు గురువులయ్యారు. ఒకరోజు నా చేతకానితనం భరించలేక లేచి, "ఇటియ్యి" అని కట్టె లాక్కుని తానే ఎత్తి చూపించబోయింది.

కట్టె నడుము దాకా లేచి ఆగిపోయింది. ఆమె ముఖం మారిపోయింది. నేను అడుగు ముందుకేశాను.

"శాబాష్" అన్నాడు చాచా. "గంతే. కొత్తగ నేర్సుకునేటోళ్ళు నడుము దాకనే ఎత్తాలె. నీ మొగడు మొదటి రోజే ఆకాశానికి ఎత్తిండు. అందుకే గిట్ల తయారైండు."

రాజకుమారి నా వైపు కొంచెం గర్వంగా చూసింది. మర్నాడు నేను లేవకముందే తయారై కూర్చుంది.

సంచిలో అన్నిటికన్నా తేలికైన కట్టె ఆమెదైంది. ఆటకు ముందు కట్టెను రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని ముందు నుంచి మెల్లగా పైకెత్తాలన్నాడు. ఇంటి దగ్గర చాప మీద పడుకుని కూడా అలాగే ఎత్తాలన్నాడు.

"ఇవన్ని నాకు చెప్పలేదేంది చాచా?" అని అడిగాను.

"నీకు అక్కర లేదు. నీది మోచేతి బీమారి."

"నొప్పి లేస్తున్నది చాచా" అనేది ఆమె అప్పుడప్పుడు.

"ఏడ?"

"చంక కింద."

"జర లేస్తె గోల్ఫ్. ఎక్కువ లేస్తె ఆపెయ్, రేపు జూద్దం."

నాకు మాత్రం ఒక విషయంలో కడుపుమంటగా ఉండేది. నా మోచెయ్యి వేలెడు పక్కకు జరిగితే చాచా ఊరంతా వినేలా తిట్టేవాడు. రాజకుమారి ఎడమ మోచెయ్యి కొడవలిలా వంగినా, "శాబాష్ బేటీ" అనేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"చాచా, ఆమెది వంగింది గద?"

"అది స్టయిల్" అన్నాడు.

కట్టె నడుము దాటి రొమ్ము దాకా వచ్చింది. వానలు తగ్గేసరికి భుజం దాకా వచ్చింది. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి చూస్తే దండెం నిండా బట్టలున్నాయి. కాలమే నయం చేసిందనుకున్నాను.

చెకప్ కోసం మా గనుల దవాఖానకు వెళ్ళినప్పుడు డాక్టరు ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి సంతోషించాడు. ఆమె రక్తపరీక్షకు వెళ్ళింది. నేను వరండాలో కూర్చున్నాను. చేతుల, కాళ్ళ ఎక్సర్‌సైజులు చేయించే సుమైరా అనే అమ్మాయి నా దగ్గరకొచ్చింది.

"రాజకుమారక్క మీ ఇంటామెనా? జలాలుద్దీన్ చాచా ఇయ్యాల రాలేదా?"

"ఆయనెందుకొస్తడు?"

"వారం వారం వస్తడు గద, గోల్ఫ్ కట్టె పట్టుకోని. బిడ్డ గోడ ఎక్సర్‌సైజు జేస్తలేదట, మొగడు అడిగితె బాధపడుతున్నదట, గీ కట్టెతోని ఏం జేయిస్తె నష్టం లేదో చెప్పు అన్నడు. డాక్టర్‌సాబ్‌ను అడిగి చెప్పిన. కట్టె పట్టుకోని చేతులు ఎత్తుడు మేం గూడ చేయిస్తం. నేను చూపించిందల్ల ఆయన నా ముంగట జేసి చూపిచ్చేటోడు. చాప మీద పండుకోని గూడ జేసిండు. లైన్ల ఉన్న పేషెంట్లు నవ్విండ్రు. ఆయన లేసి వాళ్ళ మోచేతులు సరి జేసిండు."

నేను తెలియకుండానే నా మోచెయ్యి చూసుకున్నాను.

"అక్క మోచెయ్యి వంగినా ఏమనొద్దు, భయపడితె మానేస్తదని చెప్పిన" అంది సుమైరా. "ఏమనకుంట ఉండుడు నాతోని కాదేమో బేటీ అన్నడు. ఉన్నడా మరి?"

"ఉన్నడు" అన్నాను.

తిరుగు బస్సులో రాజకుమారి కిటికీ పక్కన కూర్చుంది. చెప్పాలా వద్దా అని చాలాసేపు నలిగి, చివరికి చెప్పేశాను. ఆమె బయటికి చూస్తూనే ఉంది.

"నాకు మొదట్లనే ఎరుక" అంది.

"ఎట్ల?"

"ఫోన్ల గోల్ఫ్ వీడియోలు సూసిన. చాప మీద పండుకోని గోల్ఫ్ ఆడేటోడు ఒక్కడు కనవడలే."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తె చాచా మనసు చిన్నవోదా? అబద్ధం చెప్పుడు రాని మనిషి అంత కష్టపడి చెప్తుండు. నేను గూడ మంచిగనే నమ్మిన."

ఆమె డ్యూటీలో చేరింది. ఆదివారాలు మాత్రం ముగ్గురం మట్టికుప్ప ఎక్కుతాం. అలాంటి ఒక ఆదివారం రాజకుమారి కట్టెను భుజం పైదాకా ఎత్తి కొట్టింది. బంతి ఎగిరి గుంత వైపే పోయింది. నేను చప్పట్లు కొట్టాను. చాచా కొట్టలేదు. బంతిని చూడనే లేదు. కళ్ళు చిన్నవి చేసి ఆమె చుట్టూ తిరిగి వచ్చాడు.

"ఏంది బేటీ గా ఎడమ మోచెయ్యి? గట్ల వంగింది? కట్టె పట్టుకున్నవా, కోడిని పట్టుకున్నవా? ఇన్ని దినాల సంది నేర్సుకున్నది గిదేనా?"

ఇన్ని నెలల్లో ఆయన ఆమెను తప్పుపట్టడం అదే మొదలు. రాజకుమారి ఇంకో బంతి పెట్టుకుంది. తల వంచుకుని ఇంకోసారి ఎత్తింది. దానికీ తిట్టాడు. మూడోసారికి ఇంకా ఎక్కువ తిట్టాడు. ఆమె ముఖం వెలిగిపోతోంది.

ఇంటికి వస్తూ దారిలో లడ్డూలు కొన్నది. మా లైన్లో అన్ని క్వార్టర్లకూ పంచి, చివరకు సుగ్రా బీ దగ్గరకు వెళ్ళింది.

"దేనికి బేటీ, ఇంక్రిమెంట్ వచ్చిందా?" అని అడిగింది సుగ్రా బీ.

"ఇయ్యాల చాచా నన్ను తిట్టిండు చాచీ."

సుగ్రా బీ లడ్డూ చేతిలో పట్టుకుని ఆమెను ఎగాదిగా చూసింది.

"గా లెక్కన నేను మిఠాయి దుకాణమే పెట్టాలె" అంది.