కోటకు రాజు కావలెను

ఆ రోజుల్లో కంటికి కనిపించిన ప్రతిదాన్నీ బాగుచేసెయ్యాలని మాకొక తపన ఉండేది. బెళ్ళందూరులో ఉద్యోగం, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో అద్దె గది, తలనిండా ఐడియాలు. (గదిలో కారే కొళాయిని మాత్రం ఎవరమూ పట్టించుకోలేదు.) ఒక ఆదివారం నేనూ, నా గదిలో ఉండే మిత్రుడూ దొడ్డబళ్ళాపురం దాటాక ఒక గుట్టమీదున్న చిన్న పాళెగాళ్ళ కోటకు వెళ్ళాం. ఊపిరి పీల్చడానికి కూడా పథకం వేసే మనిషి కాబట్టి వాణ్ణి 'ప్లానింగ్' అనేవాళ్ళం. వచ్చినవాళ్ళంతా ఒక సెల్ఫీ తీసుకుని దిగిపోతుంటే వాడి మనసు విలవిల్లాడింది. "లైట్లు, బోర్డులు పెట్టి టూరిస్టులకి మంచి ఎక్స్‌పీరియన్స్ ఇవ్వాలిరా!" అన్నాడు. అది విన్న కోట కాపలాదారు హడలిపోయాడు. "ఒక మేకు కొట్టినా నా ఉజ్జోగం పోతాదప్పా. రాళ్ళ జోలికి పోగాకండి" అన్నాడు.

రాయి ముట్టకుండా కోటను బాగుచెయ్యాలంటే, ప్లానింగ్ లెక్కలో, ఒకటే దారి: రాజును పెట్టడం. కాస్త బొజ్జ ఉన్నందున ఆ పదవి నాకు దక్కింది. మరుసటి ఆదివారం నాటకాల సామాన్లు అద్దెకిచ్చే అంగడి నుంచి కిరీటం, అట్టకత్తి, బంగారు రంగు కుర్చీ, గుబురుమీసం తెచ్చి, నన్ను పైన మండపంలో కూర్చోబెట్టాడు. కన్నడంలో ఒక వీరప్రసంగం బట్టీపట్టాను. గుట్ట కిందున్న ఊళ్ళోని మగ్గాలవీధి నుంచి ఒక ఆడవాళ్ళ గుంపు రాగానే కత్తి ఎత్తి మొదటి వాక్యం గర్జించాను. రెండోది రాలేదు. చెమటకు మీసం ఒకవైపు ఊడి, ఆ గర్జనకు తాళం వేసింది. గుంపంతా విరగబడి నవ్వింది. సిగ్గుతో "నీళ్ళు తాగొస్తా"నని గబగబా కిందికి దిగాను.

సగం మెట్లమీద ఒక అవ్వ ఒంటరిగా కూలబడి ఉంది. నన్ను ఎగాదిగా చూసి, "ఏమప్పా రాజా, ఈ మెట్లు వేయించేటప్పుడు మా మోకాళ్ళు గుర్తుకు రాలేదా నీకు?" అంది.

"తప్పయిపోయిందవ్వా, అది మా తాతల కాలంనాటి పని" అన్నాను.

అవ్వ నవ్వలేదు. "మగ్గం ముందర కూకుంటే కిటికీలో ఈ గుట్టే కనపడతా ఉండాది. పెండ్లయి వచ్చినకాణ్ణించి చూస్తానే ఉండాను, ఎక్కింది లేదు. ఈపొద్దు కూడా నా కోడలు, నువ్వు ఈడనే ఉండత్తా అనేసి పోయింది."

చెయ్యి అందించాను. ఒక చేతికి నేను, ఇంకో చేతికి పిట్టగోడ ఆసరాగా అవ్వ లేచింది. నాలుగు మెట్లెక్కడం, ఆగడం, నన్ను తిట్టడం, మళ్ళీ ఎక్కడం. ఆమె చెప్పులు నా చంకలో, నా కిరీటం ఆమె తలమీద. (బరువుగా ఉందంటే ఆమే లాక్కుంది.) పైకి చేరగానే కోడలు "అయ్యో అత్తా!" అని పరుగెత్తుకొచ్చి కళ్ళు తుడుచుకుంది. అవ్వ మాత్రం నా బంగారు రంగు కుర్చీలో కూర్చుని, కిందున్న ఊళ్ళో తన ఇంటికోసం వెతికింది. చివరికి, "మా ఇల్లు ఇంత చిన్నదా!" అంది.

ఆ రోజు కోటకు వచ్చినవాళ్ళెవరూ తొందరగా దిగలేదు. అందరూ అవ్వ పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. నన్నెవరూ అడగలేదు. ప్లానింగ్ మాత్రం, ఇదంతా తన పథకమేనని కాపలాదారుకు వివరిస్తూ ఉండిపోయాడు.

మేం పైకి చేరగానే ప్లానింగ్ తీసిన ఫొటో ఒకటి ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. కిరీటం పెట్టుకున్న అవ్వ, పక్కన సగం మీసంతో, చంకలో చెప్పులతో నేను. ఏ రాజూ అంత గర్వంగా నిలబడి ఉండడు. ఇప్పుడు బొజ్జ ఇంకాస్త పెరిగింది గానీ, ఆ ఠీవి మళ్ళీ రాలేదు.