గోడమీది ఎడారి తాత

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ రోజుల్లో కొత్తగా కనిపించే ప్రతి వస్తువూ నాకు నామోషీగా ఉండేది. చిక్కడపల్లిలో నా ఈడు వాళ్ళంతా కొత్త బండి, కొత్త ఫోను అని కలలు కంటుంటే, నేను నూరేళ్ళ కిందటి ఫొటోలాంటి ఫొటో ఒక్కటి తీయాలని కలవరించేవాణ్ణి. దీనికంతటికీ మూలం కోఠిలో పాత పుస్తకాల షాపులో నేను తిరగేసిన, అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం. దాన్నిండా ఎడారుల పాత ఫొటోలు. గోధుమరంగు ఇసుక, గోధుమరంగు ఆకాశం, అంచుల దగ్గర మాసిన నలుపు, మధ్యలో గీతలు, మరకలు. గొప్పతనమంతా ఆ రంగులోనే ఉందని నాకు నేనే తీర్మానించుకున్నాను. (ఏ పేజీలో ఏముందని అడిగితే అప్పుడూ చెప్పలేకపోయేవాణ్ణి.)

డిగ్రీ అయిపోయిన ఏడాది, అంటే 2011లో, ఒక స్నేహితుణ్ణి వెంటేసుకుని రాజస్థాన్ రైలెక్కాను. తీరా చూస్తే ఎడారి నా పుస్తకంలోలాగా లేదు. ఇసుక మీద చిప్స్ ప్యాకెట్లు, దిబ్బ వెనక సెల్ టవరు, ఎటు తిప్పినా కెమెరాకు అడ్డంగా పసుప్పచ్చ టీషర్టు వేసుకున్న యాత్రికుడొకడు. తీసినవాటిలో ఆరు మాత్రం పనికొచ్చాయి. అయిదింటిలో ఇసుక దిబ్బలు. ఆరోదాంట్లో మా ఒంటెను నడిపిన ముసలాయన, పెద్ద తలపాగాతో, ఒంటె పక్కన, మా పీడ ఎప్పుడు విరగడవుతుందా అన్నట్టు దూరంగా చూస్తూ నిలబడ్డాడు.

బాపుకు ఇదంతా నచ్చలేదు. మా ఇంటికి నాలుగడుగుల దూరంలో అశోక్ నగర్, అడుగుకొక కోచింగ్ సెంటరు. ఎక్కడెక్కడి జిల్లాల పిల్లలో వచ్చి హాస్టళ్ళలో ఉండి సర్కారు పరీక్షలకు చదువుతుంటే, తన కొడుకు మాత్రం ఇసుక ఫొటోలు పట్టుకుని తిరుగుతున్నాడని ఆయన బాధ. చివరికి నారాయణగూడలో ఫొటోగ్రాఫర్ల క్లబ్బొకటి పెట్టే ప్రదర్శనలో నాకు ఒక గోడ దొరికిందని చెప్తే, అన్నం తింటూనే తీర్పు చెప్పాడు. "సూడు బిడ్డా. మన సుట్టం కానోడు, నీ దోస్తు కానోడు ఒక్కడు ఆ గోడ ముంగట నిలవడి, ఈ పనితనం మంచిగున్నదన్నడనుకో, ఈ ఏడాది కోచింగ్ ముచ్చటే ఎత్త. అనలేదంటే సోమవారం సంది క్లాసుకు పోవాలె." నేను సరేనన్నాను. నా గోధుమరంగు మీద నాకంత నమ్మకం.

మొదట చాయ్ డికాక్షన్‌తో మొదలుపెట్టాను. ప్రింటును అందులో ముంచి ఎండబెడితే పాతబడుతుందని ఎక్కడో చదివాను. అశోక్ నగర్ చౌరస్తాలో చాయ్ బండి అన్నను అడిగితే ఆయన గిన్నె కింద పెట్టి నా వంక జాలిగా చూశాడు. "పాలు లేకుంట గిన్నెడు చాయ్ ఏందన్నా, ఇంట్ల ఎవరికన్న పానం మంచిగ లేదా?" అని, ఆ జాలి కొద్దీ నాలుగు చెంచాల చక్కెర ఎక్కువే వేసి ఇచ్చాడు. ఆ సంగతి నాకు తెలియదు. డాబా మీద ఆరేసిన ప్రింటు సాయంత్రానికల్లా చీమలతో నల్లగా నిండిపోయింది. అమ్మ చాటతో దులుపుతూ, "లడ్డూకు చీమలు పడితే సూసిన గని, ఫొటోకు పట్టుడు ఇదే సూసుడు" అంది.

ఇక లాభం లేదని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రెండు నెలలు. ఫొటోల్లో రంగంతా తీసేసి గోధుమరంగు పులిమాను. సూదితో గీకినట్టు గీతలు పెట్టాను. మా బాత్రూం గోడ మీది చెమ్మ మరకను ఫొటో తీసి, దాన్ని తెచ్చి రాజస్థాన్ ఆకాశం మీద పరిచాను. (ఆ మరకే అన్నిటికన్నా అందంగా వచ్చింది.) చివరికి ఆరూ ఎంత శిథిలంగా తయారయ్యాయంటే, చూసుకుని మురిసిపోయి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని నారాయణగూడలో కలర్ ల్యాబుకు నడిచాను.

ఆ ల్యాబులో ఒక పెద్దాయన ఉండేవాడు. నెగటివుల మీద పెన్సిల్‌తో దిద్దే కాలం నుంచి అదే పని. అందరూ టచింగ్ సాబ్ అనేవాళ్ళు. చిరిగిపోయిన, బూజుపట్టిన పెద్దవాళ్ళ ఫొటోలు తెచ్చిస్తే, వాటిని బాగుచేసి, దండ వేసుకోవడానికి వీలుగా పెద్దవి చేసి ఇవ్వడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. ఆయన నా ఫొటోలను తెర మీద చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, "అరె, ఎంత ఖరాబైనయ్ బేటా. ఏ కాలంవి ఇవి?" అన్నాడు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి నా దొంగ మరకల్ని నమ్మాడు. నాకు ఒళ్ళు పొంగిపోయింది. నిజం చెప్పి ఉంటే ఈ కథే లేదు. "నూరేండ్ల కిందటివి సాబ్" అన్నాను. "ఈ పెద్దమనిషి ఎవరు, మీ ముత్తాతనా?" అన్నాడు. తల ఊపాను. "జర జాగ్రత్త సాబ్, ఇవి నాకు చాలా ముఖ్యం" అని కూడా అన్నాను. ఆయన నా భుజం తట్టి, "ఫికర్ చెయ్యకు, నేనే కూసుంట దీని మీద" అన్నాడు. పొంగిపోతున్న ఆ ఊపులో ప్రదర్శనకు రమ్మని ఆహ్వానపత్రం కూడా ఆయన చేతిలో పెట్టాను.

ప్రదర్శన రోజు పొద్దున ప్రింట్లు తెచ్చుకోవడానికి వెళ్తే, సాబ్ కాయితం విప్పి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. నీలాకాశం. బంగారు ఇసుక. గీత లేదు, మరక లేదు. నా రెండు నెలల కష్టాన్ని ఆయన వారం రోజులు కూర్చుని శుభ్రంగా తుడిచేశాడు. ఇక ఆరోది. ఒంటె లేదు, ఎడారి లేదు. ముసలాయన ఒక్కడే, లేత నీలం పరదా ముందు, ఎర్రటి తలపాగాతో, నిండుగా, గంభీరంగా ఉన్నాడు. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో 'స్వర్గీయ' అని ఉంది. "పేరు నువ్వు చెప్పలే. అందుకే జాగ ఇడిసిన" అన్నాడు సాబ్.

మళ్ళీ ప్రింటు చేయించుకుందామంటే పెళ్ళిళ్ళ సీజను, మిషను ఖాళీ లేదు. సాయంత్రం అయిదింటికి ప్రదర్శన మొదలు. ఉన్నవే తగిలించాను. ల్యాబు వాళ్ళ పొరపాటని ఒక చీటీ రాసి జేబులో పెట్టుకున్నాను, బాపు రాగానే గోడకు అంటించి గండం గట్టెక్కుదామని. కానీ బాపు కన్నా ముందు టచింగ్ సాబ్ వచ్చాడు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, భార్యను వెంటబెట్టుకుని. తన పని గోడ మీద చూసి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోయాడు. చీటీ జేబులోనే ఉండిపోయింది.

జనం వచ్చారు. ఇసుక దిబ్బలను క్యాలెండర్ బొమ్మలను దాటినట్టు దాటి, ముసలాయన దగ్గర ఆగి చెప్పులు విడుస్తున్నారు. అప్పుడే వచ్చిన బాపు పక్కన నిలబడితే, ఒకావిడ మెల్లగా, "ఎప్పుడు పోయిండ్రండీ?" అని అడిగింది. బాపు బిత్తరపోయి, "నాకు తెల్వదమ్మా, నేను ఇప్పుడే వచ్చిన" అన్నాడు.

అంతలో క్లబ్బు పెద్ద, ఎవరినీ ఊరికే మెచ్చుకోడని పేరున్న మనిషి, ఆ పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఆ కండ్లు సూడుండ్రి, మనిషి మాట్లాడబోతున్నట్టు లేడూ. ఏం పనితనం. ఎవరు చేసిండ్రు ఇది?" అన్నాడు. బాపు నా మొహంలోకి చూశాడు. చుట్టం కాడు, దోస్తు కాడు. నేను చేశానని ఒక్క మాటంటే చాలు, ఏడాదంతా నాది. నోరు తెరిచాను కూడా. వెనక సాబ్ భార్య కొంగు సర్దుకుని ఎదురు చూస్తోంది. సాబ్ మాత్రం తల దించుకుని నేల చూస్తున్నాడు, ఇలాంటి ప్రశ్నకు జవాబు తన పేరు ఎన్నడూ కాలేదన్నట్టు. "ఈయన చేసిండు సార్" అని సాబ్ చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాను.

బాపూ నేనూ నడిచి ఇంటికి బయల్దేరాం. చిక్కడపల్లి మార్కెట్ దాటాక, "నేనే చేసిన అంటవనుకున్న" అన్నాడు. ఆ వెంటనే, "సోమవారం యాదికుందా?" అన్నాడు. ఉందన్నాను. సోమవారం వెళ్ళాను. మూడోసారికి ఉద్యోగం వచ్చింది, ఇప్పటికీ అదే చేస్తున్నాను. ఒంటె నడిపినాయన స్వర్గీయుడు కాడనీ, నాకేమీ కాడనీ టచింగ్ సాబ్‌కు చెప్పే ధైర్యం మాత్రం ఏనాడూ రాలేదు.

ఆ పటం మా ముందుగదిలో ఉంది. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ దానికి బొట్టు పెట్టి దండం పెట్టుకుంటే, అప్పుడు చెప్పలేకపోయాను. ఇది చదివితే తెలుస్తుంది. ఎదురుగా పడమటి కిటికీ. ఇన్నేళ్ళ ఎండకు నీలం పరదా వెలిసిపోయింది, తలపాగాలో ఎరుపు దిగిపోయింది, అంచులు గోధుమరంగుకు తిరిగాయి. మొన్న ఆవిడ తుడుస్తూ, "రంగంతా పోతున్నది, ఎక్కడన్న ఇచ్చి మంచిగ చేయించరాదుండ్రి" అంది. నేను కుర్చీ లాక్కుని పటం ఎదురుగా కూర్చున్నాను. "ఉండనియ్, ఇప్పుడిప్పుడే మంచిగైతుంది" అన్నాను.