పన్నెండేళ్ళ మట్టి

మా ఊళ్ళో చచ్చినవాడికి కూడా మట్టి పన్నెండేళ్ళపాటే ఇస్తారు. ఊరు నీళ్ళలో ఉంది, సమాధులు ఇంకో దీవిలో ఉన్నాయి, ఆ దీవికీ ఒక హద్దుంది. గడువు తీరాక తవ్వి, ఎముకలు తీసి, ఆ చోటు తర్వాతి వాళ్ళకిస్తారు. ఇంటివాళ్ళు వచ్చి సంతకం పెడితే ఎముకల్ని చిన్న పెట్టెలో సర్ది గోడలో ఒక గూడు ఇస్తారు, దాని మీద పేరు చెక్కుతారు. ఎవరూ రాకపోతే ఊరందరి ఎముకలూ పోసే గోతిలో పోస్తారు. వెనిస్‌లో పుట్టినవాళ్ళకి ఇది వింతేం కాదు. నాకూ కాదు, మా నాన్న వంతు వచ్చేదాకా.

ఆ సంగతి నాకు గడువు ముందురోజు సాయంత్రం తెలిసింది. నేను పడవబస్సు మీద పనిచేస్తాను. రేవు రాగానే తాడు విసిరి కట్టేది, జనం దిగడానికి గేటు లాగేది నేనే. సమాధుల దీవి మీదుగా తిరిగే పడవ మీద రెనాతో అని నా తోటివాడున్నాడు. వాడు ఫోన్ చేశాడు.

"ఓర్నెల్లా, గేటు పక్కన జాబితా అంటించారు. అత్తీలియో బుసెత్తో అని ఉంది. మీ నాన్నేగా?"

"నాన్నే."

"రేపు పన్నెండింటితో ఆఖరు. మీ అమ్మకి ఉత్తరం రాలేదా మరి?"

రాలేదనే అనుకున్నాను. వస్తే చెప్పదా? మర్నాడు నాకు సెలవు. పొద్దున్నే సమాధుల దీవి ఆఫీసుకి ఫోన్ చేస్తే, నోటీసు తెమ్మన్నారు. సంతకం దాని మీదే పెట్టాలట, భార్య బతికుంటే భార్యే పెట్టాలట. ఎనిమిదిన్నరకల్లా కన్నరేజోలో అమ్మ ఇంటి మూడో అంతస్తు మెట్లెక్కాను. నేను పెళ్ళయినప్పటినుంచీ ఒడ్డు మీద మేస్త్రేలో ఉంటున్నాను, విడాకులయ్యాక కూడా అక్కడే.

మా అమ్మ పేరు నీవెస్. డెబ్బై మూడేళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒక హోటల్లో పక్కదుప్పట్లు ఇస్త్రీ చేసింది. పొయ్యి మీద పొంగుతున్న కాఫీ గిన్నెని గుడ్డ లేకుండా పట్టుకుని దింపుతుంది. వేళ్ళకి వేడి తెలియదు. డాక్టరు చూసి, నరాలు మొద్దుబారాయి, ఇక స్పర్శ రాదన్నాడు. దానికావిడ, "మంచిదే, గుడ్డ ఉతికే పని తప్పింది" అంది. అలాంటి మనిషి.

ఆ రోజు కూడా అలాగే గిన్నె దింపి నాకు కాఫీ పోసింది. జాబితా సంగతి చెప్పాను. కాసేపు పంచదార కలుపుతూ కూర్చుంది.

"ఇక్కడికైతే ఏ ఉత్తరమూ రాలేదే" అంది. "ఆ రోజు కాగితంలో నేను కాస్తెల్లో అని రాసుంటాను."

ఆ ముక్క నమ్మడానికి నాకు క్షణం పట్టలేదు. మా ఊళ్ళో ఇళ్ళ నంబర్లు వీధిని బట్టి ఉండవు. ఊరిని ఆరు పేటలుగా చేసి, పేట పొడుగునా ఒకటి నుంచి వేలదాకా వేసుకుంటూ పోయారు. అమ్మ ఇల్లు కన్నరేజో 1340. కాస్తెల్లోలోనూ ఒక 1340 ఉంటుంది. అమ్మ పుట్టింది కాస్తెల్లోలో. కన్నరేజోకి కాపురానికొచ్చి నలభై ఏళ్ళు దాటినా, చెయ్యి పేట పేరు రాయాలంటే పుట్టినపేటే రాస్తుంది. మొగుణ్ణి పూడ్చిన రోజున కాగితం ముందు కూర్చున్న మనిషి తప్పు రాయడంలో వింతేముంది?

"అయితే పద, కాస్తెల్లోలో ఆ ఇంటికి పడవలో పోదాం" అన్నాను.

"రోజూ పడవలో ఊగేది చాల్లేదా నీకు? నడుద్దాం. నాకు దగ్గరిదారులు తెలుసు."

నాకు తెలియవు. సిగ్గుపడాల్సిన మాటే కానీ నిజం. నేను ఊరిని నీళ్ళమీంచే చూశాను. ఏ రేవు తర్వాత ఏ రేవో నిద్రలో అడిగినా చెప్తాను. సందుల్లో దింపితే మాత్రం విహారానికొచ్చినవాళ్ళలాగే బిక్కమొహం వేస్తాను. అందుకని అమ్మ వెనకాలే నడిచాను. మార్చి నెల, పొగమంచు ఇంకా విడలేదు, ఎదురింటి గోడ కూడా తడిగుడ్డలా ఉంది.

దగ్గరిదారి అన్న మనిషి పావుగంటకే పక్కకి తిరిగి, కాలవ మీద ఒక చిన్న వంతెన దగ్గర ఆగింది. దానికి పిట్టగోడల్లేవు. మధ్యదాకా వెళ్ళి నిలబడింది.

"పెళ్ళికి ముందు మీ నాన్న నన్ను ఇక్కడికి తెచ్చాడు. పడతానని భయపడి చెయ్యి పట్టుకుంటానని ఆయన ఎత్తు."

"పట్టుకున్నావా?"

"ఎందుకూ? నేనిక్కడ చిన్నప్పటినుంచీ గెంతేదాన్ని. ఆయనే జారాడు." నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. కాసేపయ్యాక నా వైపు తిరిగింది. "నీకేమైనా అనిపిస్తోందే?"

"తొమ్మిదిన్నరయిందనిపిస్తోంది."

అమ్మ నవ్వలేదు. తలాడించి నడక మొదలుపెట్టింది.

మా నాన్న అత్తీలియో సరుకుల పడవ నడిపేవాడు. బియ్యం, మంచినీళ్ళ సీసాలు, ఒక్కోసారి పియానో. కాలవ మలుపుల్లో ఎదుటి పడవలకి వినబడేలా కేక వెయ్యడంలో ఆయన్ని మించినవాడు లేడనేవారు. ఆ గొంతంతా నీళ్ళమీదే ఖర్చయిపోయేదేమో, ఇంట్లో మాత్రం వినబడేది కాదు. వచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు. ఒక్కరోజూ చెయ్యెత్తలేదు, ఒక్కరోజూ ఉప్పు తక్కువైందనలేదు, బాగుందనీ అనలేదు. చివరి తొమ్మిదేళ్ళు వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ ఒక కాగితమ్మీద రాయొచ్చు. నాతో వేరు. ఏడేళ్ళప్పుడు నన్ను పడవ ముందు కొస మీద కూర్చోబెట్టుకుని, రేవు గుంజకి తాడు ఎలా వెయ్యాలో నా చేతులమీద తన చేతులు పెట్టి నేర్పాడు. రెండు చుట్లు, ఒక మెలిక, లాగు. అందుకే ఆయన ఎముకలు ఊరి గోతిలో కలవకూడదని నా పట్టుదల. పేరుండాలి. నేను వెళ్ళి నిలబడ్డానికి ఒక గోడ ఉండాలి.

అమ్మ తర్వాత ఆగింది ఆసుపత్రి నీటిగుమ్మం దగ్గర. అంబులెన్సు పడవలు వచ్చే చోటు. నాన్నని అక్కడే దింపారు, మర్నాడు పోయాడు. ఒక పడవ వచ్చి ఎవరినో దింపి వెళ్ళేదాకా అమ్మ కదలలేదు.

"ఇక్కడేమైనా?" అంది.

"అమ్మా, పదిన్నర. నడు."

"నడుస్తున్నానే. నువ్వు మీ నాన్నలాగే, సరుకు చేర్చేదాకా ఊపిరాడదు."

కాస్తెల్లో లోపలి సందుల్లోకి చేరాక ఇంకోసారి ఆగింది. బట్టలారేసిన ఒక వాకిలి, పైన రెండో అంతస్తు కిటికీ. కొత్త కాపురం అమ్మమ్మ ఇంట్లో ఆ ఒక్క గదిలోనే పెట్టారట. ఇప్పుడా గుమ్మానికి అంకెలు నొక్కితే తాళంచెవి బయటికొచ్చే చిన్న పెట్టె బిగించారు, కిటికీలో ఎవరివో పరాయి తువ్వాళ్ళు. అమ్మ మెడ పైకెత్తి చూసింది, చూసింది, మెడ నొప్పెట్టి దించింది. ఈసారి నన్నేమీ అడగలేదు.

కాస్తెల్లో 1340 ఆ పక్క సందులోనే. ఇంటి గంటల మీద ఒక్క పేరూ లేదు, అన్నీ అద్దెకిచ్చే గదులు. కింద మాత్రం తాళాలు బాగుచేసే ఒరెస్తే కొట్టుంది. ఆయనకి ఎనభై దాటాయి, అమ్మకి చిన్నప్పటినుంచీ తెలుసు.

"ఏం నీవెసూ, ఇంకా ఉన్నావా?"

"నిన్ను సాగనంపి పోదామని."

"అయితే చాలా కాలం బతుకుతావు. ఈ పిల్ల నీ కూతురా? తాళ్ళు విసిరేది?" నా వైపు చూసి, మళ్ళీ అమ్మతో, "మళ్ళీ ఏమన్నా ఉత్తరం వచ్చిందేమోనని వచ్చావా? ఏం రాలేదు. జనవరిలో నీ చేతికిచ్చానే, అదొక్కటే. ఆ నీలం ముద్ర ఉన్నది."

కొట్టులో ఏదో చిన్న యంత్రం తిరుగుతూనే ఉంది. అమ్మ ఒరెస్తేకి, "సరే, వస్తా" అని చెప్పి బయటికొచ్చింది. నేను వెనకాలే వచ్చాను. వాకిలి మధ్యలో పాతకాలం బావి, దానికి ఇనపమూత. అమ్మ దాని మెట్టుమీద కూర్చుని సంచీ తెరిచి ఉత్తరం తీసింది. ఇస్త్రీ చేసినట్టు నాలుగు మడతలు. సంతకం చోటు ఖాళీగా ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పొద్దుటినుంచీ సంచీలోనే ఉందా? నన్ను గానుగెద్దులా తిప్పి గడువు దాటించేద్దామనా? ఆయన్ని గోతిలో పోసేస్తే నీ కళ్ళు చల్లబడతాయా? అంత కోపముందా ఆయన మీద?"

"కోపం లేదే" అంది అమ్మ. "అదే వచ్చిన చిక్కు. ఏమీ లేదు."

నేను వెళ్ళి ఆ మెట్టుమీదే ఆవిడ పక్కన కూర్చున్నాను.

"మీ నాన్న చెడ్డవాడు కాదు. పోయిన రోజు ఏడుపు రాలేదు. అందరూ గుండె రాయి చేసుకుందన్నారు. రాయెందుకు చేసుకుంటాను, ఊరికే రాలేదంతే. రేపొస్తుంది అనుకున్నాను. ఏటా పూలు పట్టుకెళ్ళినప్పుడల్లా ఈసారొస్తుంది అనుకున్నాను. పన్నెండేళ్ళు చూశాను. జనవరిలో ఈ ఉత్తరం వచ్చింది, చదివాను, వెళ్ళి చేపలు కొనుక్కున్నాను." కాగితాన్ని ఒళ్ళో పెట్టి అరచేత్తో చదును చేసింది. "ఒక్క చుక్కైనా రాకుండా సంతకం ఎలా పెట్టను? సరుకు అందింది అని పెట్టినట్టుండదూ? ఆయన బతికినంతకాలం జనం ఆయనకి పెట్టిన సంతకాలు అవేగా. నేనూ అలాగే పెట్టాలా?"

"అందుకా ఆ వంతెనా, ఆసుపత్రీ?"

"ఎక్కడైనా ఉందేమో చూద్దామనుకున్నాను. ఒక్కదాన్నే వెళ్తే భయమేసింది. ఎక్కడా లేకపోతే?" అమ్మ తన వేళ్ళు చూసుకుంది. "వీటి సంగతంటే డాక్టరు చెప్పాడు. లోపలి సంగతి ఎవర్నడగను? మూడు చోట్లూ చూశాం కదా. నీకేమైనా వచ్చిందా?"

అబద్ధమాడదామనుకున్నాను. కానీ పొద్దుటినుంచీ నేను చూసింది గడియారమే. మూడు చోట్లా ఒక్కసారైనా నాన్న మొహం తలచుకోలేదు. పోయినప్పుడు కూడా మూడోరోజే డ్యూటీకి వెళ్ళాను.

"రాలేదు" అన్నాను.

అమ్మ తలాడించింది. అప్పటికి పదకొండూ పది.

"పెడతాను పద" అంది ఆవిడే, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. "నీకు గోడ కావాలిగా."

పడవలో సమాధుల దీవికి చేరేసరికి పన్నెండుకి ఎనిమిది నిమిషాలుంది. ఆఫీసులో ఒక నడివయసు ఆయన, కళ్ళజోడు తాడుకి వేలాడేసుకుని, చాలా మర్యాదగా మాట్లాడాడు. ఉత్తరం తీసుకుని అమ్మ ముందు పెట్టి, కలం ఇచ్చాడు.

"గూడు ఒకరికా అమ్మా, ఇద్దరికా? ఇద్దరిదైతే ముందు ముందు మీరు కూడా ఆయన పక్కనే ఉండొచ్చు. చాలామంది అదే అడుగుతారు."

అమ్మ కలం పట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు. ఏది చెప్తే అది రాసేసే చూపు. ఇద్దరికీ అనే నేను అనుకుంటూ వచ్చాను, మా స్నేహితుల అమ్మానాన్నలందరూ అలాగే ఉన్నారు. నేను కోరేదీ అదే. ఒక గోడ, ఒకే రాయి, రెండు పేర్లు. నలభై ఏళ్ళు మాటలేని గదిలో ఉన్న మనిషిని మళ్ళీ అలాంటి గదిలోనే పెట్టి, పూలు పట్టుకెళ్ళి నేను ఏడవాలి.

"ఒకరికే" అన్నాను.

అమ్మ సంతకం పెట్టింది. చిరునామా దగ్గర మళ్ళీ కాస్తెల్లో అని రాసింది. ఈసారీ నిజంగా పొరపాటే. నేను కొట్టేసి మేస్త్రేలో నా ఇంటి చిరునామా రాశాను.

బయటికొచ్చాక అమ్మ గట్టుమీద నిలబడి గట్టిగా గాలి పీల్చుకుంది. "ఆకలేస్తోందే" అంది. "పులుపులో ఊరేసిన సార్డీన్ చేపలు తినాలనుంది, బోలెడు ఉల్లిపాయలేసి." ఆవిడ ఆకలి మాటెత్తడం విని ఎంతకాలమైందో నాకు గుర్తు రాలేదు.

రెనాతో పడవ వచ్చింది. నన్ను చూసి వాడికి వేళాకోళం ఎక్కువైంది. "సెలవని ఊరికే నిలబడతావా, పట్టు" అంటూ తాడు నా మీదికి విసిరాడు. పట్టుకున్నాను. రోజుకి రెండొందలసార్లు చేసే పనే. రెండు చుట్లు, ఒక మెలిక, లాగు. లాగానో లేదో, నా చేతులమీద ఇంకో రెండు చేతులున్నట్టయింది. తారు మరకల చేతులు, బొటనవేలి గోరు సగం విరిగినవి. తాడు అలాగే పట్టుకుని ఏడ్చేశాను. రెనాతో కంగారుపడి గేటు తియ్యడం మర్చిపోయాడు. దిగాల్సినవాళ్ళు లోపలే నిలబడి చూస్తున్నారు.

అమ్మ దగ్గరికొచ్చి నా మొహంలోకి తొంగి చూసింది.

"వచ్చిందా?"

తలూపాను.

వేడి తెలియని వేళ్ళతో నా చెంప తుడిచి, తడిసిన వేళ్ళని కాసేపు చూసుకుంది.

"మంచిది" అంది. "ఇంట్లో ఒకరికైనా వచ్చింది."