సజ్జా కామెంట్రీ అన్న

షార్జా శివారు సజ్జాలో మా లేబర్ క్యాంపు వెనక ఇసుక మైదానంలో శుక్రవారం శుక్రవారం క్రికెట్ ఉండేది. నేను ఆడేవాణ్ణి కాదు, అంపైర్ని. కంపెనీ బస్సు డ్రైవర్ని కాబట్టి ఏ జట్టుకీ చెందనని ఆ పని నా నెత్తిన రుద్దారు. టేపు చుట్టిన టెన్నిస్ బంతి, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ వికెట్లు. ఆ ఆట చూడ్డానికి ఎవడొస్తాడు, నా మొహం! జనం వచ్చేది కామెంట్రీ అన్న కోసం.

ఆయన జగిత్యాల వైపు మనిషి. ఏసీ డక్టులు బిగించే పని. రెండు వేల రెండులో నేను ఆ క్యాంపుకు వచ్చేటప్పటికే అక్కడ పాతకాపు. మిగిలిపోయిన డక్టు రేకును గొట్టంలా చుట్టుకుని, నీళ్ళ ట్యాంకు మెట్లెక్కి, "సలాం సజ్జా!" అని మొదలుపెడితే పక్క క్యాంపులవాళ్ళు కూడా అన్నం కంచాలతో వచ్చి కూలబడేవారు.

నోరు మాత్రం పరమ దుర్మార్గం. బంతి ఎటు పోయిందో ఒక్క మాట చెప్పి, దాన్ని వదిలేసినవాడి ఇంటిగుట్టంతా విప్పేవాడు. మరీ ఘోరమైనది చెప్పబోయే ముందు, "నవ్వకుండ్రి, నిజం జెప్తున్న" అనేవాడు. ఆ మాట వినబడగానే జనం నవ్వడం మొదలుపెట్టేసేవారు. ఒకసారి నా మీద పడ్డాడు. "నవ్వకుండ్రి, నిజం జెప్తున్న. అంపైర్ సాబ్ వేలెత్తిండు. ఔటియ్యనీకి గాదు, ముక్కుల వెట్టుకోనీకి!" ఆ వారమంతా బస్సులో నేను చెయ్యెత్తితే చాలు, వెనక సీట్లలో ఇకఇకలు. ఒళ్ళు మండిపోయేది. అయినా శుక్రవారం నేనే ముందు వెళ్ళి నిలబడేవాణ్ణి. నా వంతయ్యాక ఇంకొకడి వంతుంటుంది కదా, అది వినాలి మరి.

ఆయన నోట అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నవాడు మాత్రం మైదానంలోనే లేడు. ఆయన సొంత తమ్ముడు. తమ్ముణ్ణి తానే దుబాయ్ రప్పించి, కట్టే బిల్డింగుల చుట్టూ ఇనప పైపులు బిగించే స్కాఫోల్డింగ్ పనిలో పెట్టించాడట. వచ్చిన కొత్తలో వాడు పైకెక్కి, కిందికి చూసి, పైపును వాటేసుకుని ఏడ్చాడట. ఇంకేం, బంతికి బెదిరిన బ్యాట్స్‌మన్ కనబడితే చాలు. "సూడుండ్రి, మా తమ్ముడు పైపు వట్టుకున్నడు! అవ్వా, దించే!" జనమంతా వంత పాడేవారు, "అవ్వా, దించే!" అని. మలయాళీలు, పఠాన్లు కూడా అర్థం తెలియకుండానే అరిచేవారు. తమ్ముడు తర్వాత అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో గ్యారేజీకి మారిపోయాడనీ, అన్నదమ్ములకు మాటల్లేవనీ అందరికీ తెలుసు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం విరామంలో పడుకున్న కామెంట్రీ అన్న మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. పెట్టెను విమానంలో ఊరికి పంపేశారు. ఆ శుక్రవారం అందరం చేరితే, కాసేపు మౌనం పాటిద్దామన్నాడు క్యాంపు బాస్.

"ఆయనకు మౌనమా? లేచొచ్చి తిడ్తడు!" అన్నారు జనం. మ్యాచ్ పెట్టి, తలా కాసేపు గొట్టం పట్టి ఆయన మాటలే చెప్పుకుందామని తీర్మానించారు.

అంతలో ఆ తమ్ముడే వచ్చాడు. పెట్టెతో పాటు వెళ్దామంటే గ్యారేజీ మేనేజరు, అదే ముదీర్, సెలవివ్వలేదట. అంపైర్ టోపీ చూసి నేను పెద్దనుకున్నాడో ఏమో, తిన్నగా నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఒక్క ముచ్చట అడుగుత. మా అన్న నాతోని మాట్లాడక ఎన్నేండ్లో ఆయె. నన్ను ఎన్నడన్న యాది జేసిండా?"

ఆ ఒక్క మాట కోసం ముసఫ్ఫా నుంచి సజ్జా దాకా వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఒకడు ఎగిరి గంతేశాడు. "ఓర్నీ! పైపు తమ్మునివి నువ్వేనా! యాది జేసుడేంది భయ్, నువ్వు లేని శుక్రవారమే లేదు!"

అందరూ చుట్టుముట్టారు. కావలించుకున్నారు. ఒకడు పెప్సీ తెచ్చి చేతిలో పెట్టాడు. ఇంకొకడు బ్యాటును వాటేసుకుని ఏడుస్తున్నట్టు చేసి చూపించాడు. మైదానమంతా "అవ్వా, దించే!" అని మోగింది. వాళ్ళది ప్రేమే, వాళ్ళ ప్రేమ తగలెయ్య!

అతను పెప్సీ నా చేతిలో పెట్టేశాడు. "గా ముచ్చట నా పెండ్లానికి గూడ తెల్వదన్నా. ఎవ్వలకు చెప్పద్దని ఇద్దరం ఒట్టు వెట్టుకున్నం" అన్నాడు నాతో.

ఎవడో రేకు గొట్టం అతని చేతికిచ్చాడు. దాన్ని అటూఇటూ తిప్పి చూశాడు. తర్వాత మెట్లెక్కాడు.

"సలాం సజ్జా!"

అచ్చం అదే గొంతు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు.

"తమ్ముడు పైపు వట్టుకొని ఏడుస్తుండు. దించనీకి అన్న ఎక్కుతుండు. సగం దాక ఎక్కిండు. కిందికి సూసిండు. అన్న గూడ పైపు వట్టుకున్నడు!"

జనం గొల్లుమన్నారు.

"నవ్వకుండ్రి, నిజం జెప్తున్న. లాగు తడుపుకున్నడు. ఇద్దర్ని క్రేన్ బుట్టల వెట్టి దించిండ్రు. ఎవ్వలకు చెప్పకురా అని మా అన్న నా కాళ్ళు వట్టుకున్నడు. నేను చెప్పలె. గా దినం నుంచి నా మొకం సూడలె ఆయన. అయినా నేను చెప్పలె!"

చివరి మాటలు ఎవడు విన్నాడు? ఇసుకలో పడి దొర్లుతున్నారు. "నవ్వకుండ్రి!" అని అరిచాడు. ఇంకా నవ్వారు. "అరే, నవ్వకుండ్రి!" అన్నాడు మళ్ళీ. ఈసారి గొంతు బొంగురుపోయింది. అన్న కంటే బాగా చెబుతున్నాడని ఈలలు వేశారు. గొట్టం దించితే కనబడింది, ఏడుస్తున్నాడు.

నేనే అతన్ని బస్సులో తీసుకెళ్ళి షార్జా బస్టాండులో దింపాను. దిగేటప్పుడు తలుపు పట్టుకుని ఆగిపోయాడు.

"ఆయన చెప్పిండు, నేను చెప్పలె. నాకు మిగిలింది గదొక్కటే ఉండె అన్నా. ఇయ్యాల గదీ పాయె."

"జాగ్రత్తగా వెళ్ళు తమ్ముడూ" అన్నాను.

తర్వాతి శుక్రవారం మొదటి ఓవర్లోనే ఒకడు బంతికి బెదిరి వెనక్కి దూకాడు. గొట్టం పట్టుకున్న కుర్రాడెవడో, "సూడుండ్రి, కామెంట్రీ అన్న పైపు వట్టుకున్నడు!" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. నేను ఆ క్యాంపు వదిలేదాకా ఆయన్ని తలుచుకున్నది ఆ ఒక్క మాటతోనే.